సద్దిమూట ఎండను ఎలా తట్టుకుంటుంది?

మే నెల ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నర. హనుమకొండలో ఒక వంటింట్లో అన్నం ఉడికింది. దాన్ని గంజులో అలాగే మూత పెట్టి వదల్లేదు. రెండు పెద్ద తాంబాళాల్లో పలుచగా పరిచారు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. కొంచెం పసుపు, రెండు గంటెల నూనె చల్లి, మెతుకు విరగకుండా గరిటె వెనక భాగంతో కలిపారు. ఆరున్నరకల్లా బండ్లు బయల్దేరాలి. ములుగు దాటి రామప్ప, అక్కణ్నుంచి లక్నవరం. మరి భోజనం? ఎంత తొందరపడ్డా ఒంటిగంటన్నర అవుతుంది.

అంటే వండడానికీ తినడానికీ మధ్య తొమ్మిది గంటలు. ఈలోపు బయట ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. డబ్బాలో ఉన్న అన్నానికి ఆ తొమ్మిది గంటల్లో ఏమవుతుంది? కొన్ని వంటలు ఎందుకు పాడవుతాయి, కొన్ని ఎందుకు ఇంకా రుచి పట్టి కూర్చుంటాయి? పిక్నిక్‌కు ఏం కట్టుకుపోవాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, మన దగ్గర విహారాల కాలం, ఎండల కాలం ఒకటే. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు ఇస్తారు. జూన్ రెండో వారం దాకా పిల్లలు ఇంట్లోనే ఉంటారు. చుట్టాలు వచ్చేదీ అప్పుడే. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, దావత్‌లు అన్నీ ఆ నెలన్నరలోనే పడతాయి. వరంగల్ చుట్టుపక్కల పోవడానికి చోట్లకు కొదవ లేదు. 1213 నాటి రామప్ప గుడి ఉంది, దానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నర్సంపేట వైపు గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువు ఉంది. వేలాడే వంతెనతో లక్నవరం ఉంది. ఎటు పోయినా గంట, గంటన్నర, రెండు గంటల దారి. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు వింతేమీ కాదు.

ముందుగా సద్ది అంటే ఏమిటో చూద్దాం.

రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున తింటే సద్దన్నం అంటాం. అందుకే సద్ది అంటే మిగిలిపోయింది అనుకుంటారు చాలామంది. అది సగం నిజం. పొలానికో, జాతరకో, ఊరికో పోయేటప్పుడు గుడ్డలో కట్టుకుపోయేదీ సద్దే. కోస్తావాళ్లు చద్ది అంటారు. ఈ రెండో అర్థంలో సద్ది మిగిలింది కాదు. ముందే అనుకొని, కొన్ని గంటల తర్వాత తినడానికి చేసింది. పెద్దల మాటను సద్దిమూటతో పోల్చారంటే కారణం ఇదే. దారిలో ఆకలైనప్పుడు అక్కరకొస్తుంది, అప్పటిదాకా పాడవదు.

సద్దిని ఒక పద్ధతిగా చూడాలంటే సద్దుల బతుకమ్మ నాటి పళ్లేలు చూడాలి. బతుకమ్మ పండుగ తొమ్మిదో నాడు ఆడవాళ్లు సద్దులు చేసి బతుకమ్మతో పాటు తీసుకుపోతారు. హనుమకొండలో పద్మాక్షి గుండం దగ్గర ఆట ముగిసి, బతుకమ్మను నీళ్లలో వదిలాక, అప్పుడు పంచుకొని తింటారు. వండింది పగలు, తినేది రాత్రి. ఇళ్లను బట్టి కొంచెం మారినా ఆ సద్దులు ఐదు: చింతపండు పులిహోర, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. ఈ ఐదింటిలో పప్పు లేదు, కూర లేదు, చారు లేదు. మూడు పుల్లటివి. ఒకటి పొడి. ఒకటి మాత్రం కొంచెం నాజూకైనది. ఎందుకో వరసగా చూద్దాం.

అన్నంలో ఎవరు కాపురం ఉంటారు

ఉడికిన అన్నం శుభ్రమైనదని అనుకుంటాం. మరిగే నీళ్లలో ఉడికింది కదా, సూక్ష్మజీవులన్నీ చచ్చి ఉంటాయని లెక్క. చాలావరకు చస్తాయి. కొన్ని మాత్రం తప్పించుకుంటాయి. అన్నం విషయంలో వాటిలో ముఖ్యమైనది ఒకటుంది. దాని పేరు బాసిల్లస్ సీరియస్ (మట్టిలో, ధాన్యంలో సహజంగా ఉండే బ్యాక్టీరియా). వేడి తగిలినప్పుడు కూడా బతికి ఉండేలా ఇది తన చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకులో నిద్రపోయే రూపాన్ని స్పోర్ (విత్తనం లాంటి నిద్రావస్థ) అంటారు. అన్నం ఉడికే వేడికి స్పోర్ చావదు. పైగా ఆ వేడే దాన్ని నిద్ర లేపుతుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాక పెంకు విప్పుకొని పెరగడం మొదలుపెడుతుంది.

పెరుగుదల లెక్క చిన్నదే. అనువైన వేడిలో, తడిలో ఇలాంటి బ్యాక్టీరియా సుమారు ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుందని అనుకుందాం. గంటకు ఒకటి ఎనిమిదవుతుంది. మూడు గంటలకు 512. ఏడు గంటలకు దాదాపు 21 లక్షలు. మొదటి మూడు గంటలు ఏమీ జరగనట్టే ఉంటుంది. చివరి గంటలోనే అంతా జరుగుతుంది. పదకొండింటికి డబ్బా తెరిచి చూస్తే బాగానే ఉండి, ఒంటిగంటన్నరకు జిగట పట్టడం ఇందుకే.

ఇంకో చిక్కుంది. ఈ బ్యాక్టీరియా అన్నంలో వదిలే ఒక రకం విషం వేడికి లొంగదు. మళ్లీ ఎంత వేడి చేసినా బ్యాక్టీరియా చస్తుంది తప్ప విషం అలాగే ఉంటుంది. తిన్న గంట నుంచి ఐదారు గంటల్లో వాంతులు మొదలవుతాయి. 1970ల మొదట్లో లండన్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకు ఇలా జరిగినప్పుడు వైద్యులు దీన్ని పట్టుకున్నారు. అక్కడ ముందురోజు అన్నం వండి, బయటే ఉంచి, మర్నాడు వేయించేవారు. చేతుల నుంచి, ముక్కు నుంచి వంటలోకి చేరే స్టఫైలోకాకస్ (మన చర్మం మీద ఉండే మరో బ్యాక్టీరియా) విషం కూడా ఇలాగే వేడికి మొండికేస్తుంది. 'మళ్లీ వేడి చేస్తే సరిపోతుంది' అన్న మాట అందుకే నమ్మదగింది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రం సులువు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడి ప్రమాదకరమైనది. వండిన పదార్థాన్ని ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉంచొద్దు. బయట 32 డిగ్రీలు దాటితే ఒక గంటే అంటుంది అమెరికా వ్యవసాయ శాఖ. మన మే నెలకు ఈ లెక్క అక్షరాలా వర్తింపజేస్తే పిక్నిక్ అన్నదే ఉండదు. సద్ది చేసిన పని ఇదే: ఆ గంట గడువును మార్చడానికి అన్నానికి ఒక కావలి పెట్టింది.

పులుపు అనే కావలి

పులుపును కొలవడానికి పీహెచ్ (ఆమ్లతను చూపే అంకె; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) అనే కొలత వాడతారు. నీళ్లు 7. ఉత్త అన్నం 6కు అటూ ఇటూ. రోగం తెచ్చే బ్యాక్టీరియాలో చాలావాటికి 4.6 కంటే కిందికి పోతే పెరగడం కష్టం. చింతపండు గుజ్జు ఆ గీతకు చాలా కింద ఉంటుంది. నిమ్మరసం ఇంకా కింద. అందుకని అన్నానికి సరిపడా పులుపు పట్టిస్తే, అన్నమే ఆ గీత దాటి సురక్షితమైన వైపు జరుగుతుంది.

ఇది మనకు మాత్రమే తెలిసిన ఉపాయం కాదు. జపాన్ వాళ్లు సుషీ అన్నంలో వెనిగర్ కలుపుతారు. ఆ అన్నాన్ని ఫ్రిజ్ బయట ఉంచాలంటే పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉందని కొలిచి చూపించాలని అమెరికాలో చాలా చోట్ల ఆరోగ్య శాఖలు హోటళ్లను అడుగుతాయి. మన ఇళ్లలో ఆ కొలత నాలుక మీద ఉంటుంది. 'పులుపు తగల్లేదు, ఇంకొంచెం వెయ్' అని అత్తగారు అంటే అది రుచి గురించే కాదు.

కానీ ఒక మెలిక ఉంది. పులుపు ప్రతి మెతుకుకూ చేరాలి. జపాన్‌లోనే అన్నం ముద్ద మధ్యలో ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టుకుపోతారు. అది తన చుట్టూ ఉన్న నాలుగు మెతుకులనే కాపాడగలదు. మనం తెల్లన్నం ఒక డబ్బాలో, ఆవకాయ ఒక డబ్బాలో పెట్టుకుపోతే ఆవకాయ చెడదు, అన్నం చెడుతుంది. కలిపితేనే కావలి.

అందుకే పులిహోర చేసే వరస ముఖ్యం. పావుకిలో బియ్యానికి పెద్ద నిమ్మకాయంత చింతపండు తీసుకొని, చిక్కటి గుజ్జు తీయాలి. పోపులో ఆ గుజ్జు పోసి, ఉప్పు, పసుపు వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. నూనె తేలడం అంటే ఏమిటి? గుజ్జులో ఉన్న నీళ్లు ఆవిరైపోయాయని అర్థం. నీళ్లు పోయేకొద్దీ పులుపు, ఉప్పు చిక్కబడతాయి. అలా చిక్కబడిన పులుసు ఫ్రిజ్‌లో వారం సులభంగా ఉంటుంది. కాబట్టి పిక్నిక్‌కు రెండు రోజుల ముందే చేసిపెట్టుకోవచ్చు. తెల్లవారుజామున అన్నం వండి కలపడమే మిగులుతుంది.

కలపడం అన్నం వెచ్చగా ఉన్నప్పుడే. వెచ్చటి మెతుకు పులుసును లోపలికి పీల్చుకుంటుంది. చల్లారాక కలిపితే పులుసు పైపైనే పట్టుకొని ఉంటుంది. కలిపిన తర్వాత మాత్రం పూర్తిగా చల్లారనివ్వాలి. పులిహోర చేసిన వెంటనే తింటే పులుపు ఒకచోట, కారం ఒకచోట తగులుతుంది. నాలుగైదు గంటలకు అన్నీ సర్దుకుంటాయి. పల్లీలు మాత్రం మెత్తబడిపోతాయి. వేయించినవి ఒక పొట్లంలో విడిగా పట్టుకుపోయి, తినే ముందు కలుపుకుంటే కరకరలాడతాయి. వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు వేస్తే మన తెలంగాణ రుచి వస్తుంది.

నిమ్మకాయ సద్దికి పులుపు కొంచెం తక్కువే పోస్తాం, ఎక్కువ పోస్తే చేదెక్కుతుంది కాబట్టి. రసాన్ని పొయ్యి దించాకే పిండాలి. మధ్యాహ్నానికి పనికొస్తుంది, సాయంత్రం దాకా నమ్మొద్దు. ఈ కాలంలో మామిడికాయ పులిహోర అందరికీ ఇష్టం. అయితే మామిడికాయ కాయకో పులుపు. తురిమిన ముక్కలో నీరూ ఎక్కువ. తురుమును పోపులో తడి ఆరేదాకా మగ్గించి, రుచి చూసి, చాలకపోతే నిమ్మరసం చేర్చుకోవాలి.

దారిలో తోడుకునే అన్నం

పెరుగు సద్ది కథ వేరు. ఇందులో కావలిని మనం తెచ్చి పెట్టం. దారిలో పెంచుతాం.

ఇంట్లో తినడానికి పెరుగన్నం అంటే అన్నంలో పెరుగు కలపడం. దూరం తీసుకుపోవడానికి అలా కలిపితే మధ్యాహ్నానికి పుల్లగా, నోట్లో పెట్టుకోలేనట్టు అవుతుంది. తెలిసినవాళ్లు అన్నంలో పాలు పోసి, ఒక చెంచాడు పెరుగు మాత్రం తోడు వేస్తారు. పెరుగులో ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా (పాలలోని చక్కెరను పులుపుగా మార్చే మేలైన సూక్ష్మజీవులు) డబ్బాలోనే పని మొదలుపెడతాయి. పాలు తోడుకుంటాయి, పులుపు పెరుగుతుంది, చెడ్డవాటికి చోటు తగ్గుతుంది. తినే వేళకు కమ్మటి పెరుగన్నం తయారు.

ఈ మేలైన సూక్ష్మజీవుల్లో చాలావాటికి 40 నుంచి 45 డిగ్రీల వేడి బాగా ఇష్టం. పెరుగు తయారుచేసే డెయిరీలు డబ్బు పెట్టి గదుల్లో ఆ వేడిని నిలబెడతాయి. మనకు మే నెల మధ్యాహ్నం ఊరికే ఇస్తోంది. కాబట్టి చలికాలంలో పది గంటలు పట్టే తోడు ఇక్కడ నాలుగైదు గంటల్లో అయిపోతుంది. ఆ లెక్కతోనే చేసుకోవాలి. అన్నాన్ని మెత్తగా ఉడికించి, మెదిపి, బాగా చల్లార్చాలి. కాచి ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి పాలు పోయాలి. పాలు అన్నానికి రెండింతలు ఉండాలి, చూడ్డానికి పల్చగా జావలా కనిపించాలి. తోడుకునేకొద్దీ గట్టిపడుతుంది. చల్లటి పాలు మొదటి రెండు గంటలు డబ్బాను చల్లగా ఉంచుతాయి. తోడు ఆలస్యంగా మొదలై, భోజనం వేళకు సరిగ్గా ముగుస్తుంది.

దానిమ్మ గింజలు, ద్రాక్ష, కీర ముక్కలు ఇంటి దగ్గర కలపొద్దు. వాటి నీరు అన్నాన్ని పల్చన చేస్తుంది. కోసిన పచ్చి ముక్కలతో కొత్త సూక్ష్మజీవులూ వస్తాయి. అక్కడికి పోయాక కోసి వేసుకోండి. ఉప్పు కొద్దిగానే వేయండి. ఎక్కువైతే తోడు మందగిస్తుంది.

కొబ్బరి సద్ది మాత్రం నేను ఎండాకాలం తీసుకుపోను. పచ్చి కొబ్బరిలో నీరూ నూనే రెండూ ఎక్కువ, పులుపు లేదు. కొన్ని గంటలకే ఒకలాంటి సబ్బు వాసన వస్తుంది. బతుకమ్మ పండుగ వచ్చేది వానలు తగ్గిన చల్లటి రోజుల్లో. మే నెలలో దానికి ఆ అవకాశం లేదు. తీసుకుపోక తప్పదనుకుంటే బండి దిగగానే టిఫిన్‌లా ముందు అదే తినేయండి. నువ్వుల సద్ది దీనికి పూర్తిగా ఎదురు. దోరగా వేయించిన నువ్వులు, ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి దంచిన పొడి అది. దానిలో తడి లేదు. పైగా నువ్వుల నూనె తొందరగా కంపెక్కకుండా కాపాడే పదార్థాలు నువ్వుల్లోనే ఉన్నాయి. పొడిని పొడిగానే డబ్బాలో పట్టుకుపోయి, అక్కడ పులిహోర మీదో పెరుగన్నంలోకో వేసుకుంటే సరి.

తడి పోతే భయం పోతుంది

రెండో కావలి పొడితనం. బ్యాక్టీరియా పెరగడానికి నీరు కావాలి. పదార్థంలో ఎంత నీరుందనే దానికన్నా, అందులో సూక్ష్మజీవులకు అందే నీరు ఎంత అన్నది ముఖ్యం. దాన్ని నీటి లభ్యత (ఉప్పు, చక్కెర, పిండి పట్టి ఉంచగా మిగిలిన నీరు) అంటారు. వేయించినా, ఎండబెట్టినా, బెల్లం పాకం పట్టినా ఇదే తగ్గుతుంది.

సకినం వేగేటప్పుడు చూడండి. తడి పిండి చుట్ట నూనెలో పడగానే బుసబుస బుడగలు లేస్తాయి. అది నూనె మరగడం కాదు. పిండిలోని నీరు ఆవిరై బయటికి పోవడం. బుడగలు తగ్గి, నూనె నెమ్మదించిందంటే నీరు పోయినట్టు. అప్పుడు తీయాలి. ముందే తీస్తే రెండు రోజులకు మెత్తబడుతుంది. సరిగా వేగినది వారాలు ఉంటుంది. పెళ్లికూతురి సారెలో సకినాలు, అరిసెలు గంపల కొద్దీ పెట్టగలిగారంటే ఈ గుణం వల్లనే.

సర్వపిండిది ఇంకా ఆసక్తికరమైన పద్ధతి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కల్యమాకు వేసి గట్టిగా తడిపి, గుండ్రటి అడుగున్న సర్వ లోపల చేత్తో పలుచగా అద్దుతారు. సర్వలో చేస్తారు కాబట్టి సర్వపిండి. కరీంనగర్ వైపు గిన్నెపిండి, గంజుపిండి అంటారు. అద్దిన పిండికి వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి, సన్న మంట మీద వదిలేస్తారు. చిల్లులోంచి నూనె అడుగుకు చేరుతుంది, అడుగు నుంచి ఆవిరి పైకి వస్తుంది. ఒక చిల్లు రెండు పనులు చేస్తుంది. అడుగు ఎర్రగా కాలుతుంది, పైన మెత్తగా ఉడుకుతుంది. తిరగేసే పని లేదు.

ఒకటి కాలాక రెండోది అద్దాలంటే సర్వ చల్లారాలి. వేడి సర్వలో చేయి పెట్టలేం కదా. అందుకే ఈ వంట అలవాటున్న ఇళ్లలో రెండు మూడు సర్వలు ఉంటాయి. పది మందికి సర్వపిండి చేయాలంటే గంటన్నర పడుతుందని లెక్కేసుకోండి. ముందురోజు రాత్రి చేసుకుంటే పొద్దున హాయి. ప్రయాణానికైతే పిండిలో ఉల్లిపాయ, ఉల్లికాడలు వేయకండి. వాటి తడితో మర్నాటికి వాసన మారుతుంది. కారంలో సగం చపాట మిర్చి కారం వాడితే పిల్లలూ తినగలుగుతారు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటకు రంగు బాగా ఎక్కువ, ఘాటు చాలా తక్కువ.

డబ్బా సర్దడంలో జరిగే తప్పు

వంట సరిగ్గా చేసి, సర్దడంలో పాడుచేసుకోవడం ఎక్కువ. మా ఇంట్లో ఒకసారి జరిగింది చెబుతాను. పాకాల పోదామని పొద్దున ఆరింటికి బగారన్నం వండారు. పొగలు కక్కుతుండగానే పెద్ద స్టీలు క్యాన్‌లో కుక్కి, మూత బిగించి, కారు డిక్కీలో పెట్టాం. వేడిగా ఉంటుంది కదా అన్న ఆశ. రెండింటికి మూత తీస్తే లోపలి వైపు నీటి చుక్కలు వేలాడుతున్నాయి. వాసన వచ్చింది. చేయి పెడితే తీగ సాగింది. ఆ రోజు పది మందిమి మామిడిపండ్లు, మురుకులతో సరిపెట్టుకున్నాం.

ఏం జరిగింది? బగారన్నంలో పులుపు లేదు, నీరు ఉంది, కావలి లేదు. కుక్కిన పెద్ద ముద్ద మధ్యభాగం చల్లారడానికి గంటలు పడుతుంది. అలా చల్లారుతూ 50, 45, 40 డిగ్రీల దగ్గర చాలాసేపు నిలబడింది. ఎండలో ఆపిన కారు లోపల బయటికంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి అది ఇంకా చల్లారలేదు. మూతకు తగిలిన ఆవిరి నీరై మళ్లీ అన్నం మీద కారింది. సూక్ష్మజీవులకు ఇంతకంటే మంచి ఇల్లు కట్టలేం.

దీని నుంచి తేలేది: వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన ఉంచాలి, లేదంటే పూర్తిగా చల్లార్చాలి. నడిమధ్య గోరువెచ్చదనమే ముప్పు. తాంబాళంలో రెండంగుళాలకు మించని మందంలో పరిచి, ఫ్యాన్ కింద పెట్టి, ఆవిరి ఆగాకే డబ్బాకెత్తాలి. ఒక పెద్ద క్యాన్ కంటే నాలుగు చిన్న డబ్బాలు మేలు.

ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా అనిపిస్తుంది. పులిహోరకు అది కుదరదు. ఉడికిన మెతుకులో పిండిపదార్థం నీటిని పట్టుకొని మెత్తగా ఉంటుంది. చల్లబడేకొద్దీ ఆ పిండిపదార్థం మళ్లీ గట్టిగా పేర్చుకుంటుంది. దీన్ని రెట్రోగ్రేడేషన్ (ఉడికిన పిండిపదార్థం తిరిగి బిగుసుకోవడం) అంటారు. ఫ్రిజ్ చల్లదనం దగ్గరే ఇది అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. అందుకే ఫ్రిజ్ అన్నం గవ్వల్లా అవుతుంది. పులుసు ఫ్రిజ్‌లో ఉండాలి, అన్నం పొద్దున ఉడకాలి.

ఐస్ బాక్స్ లేనివాళ్లు తడిగుడ్డను నమ్ముకోవచ్చు. రంజన్‌లో నీళ్లు చల్లబడే సూత్రమే ఇది. తడి ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని డబ్బా నుంచే లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. సముద్రం పక్కన ఉక్కపోతలో ఇది అంతంతమాత్రం. మన దగ్గర మే నెల వడగాలిలో బ్రహ్మాండం. పెరుగన్నం డబ్బాకు తడి తువ్వాలు చుట్టి, చెట్టు నీడలో గాలి తగిలే చోట పెట్టండి. డిక్కీలో మాత్రం వద్దు.

మరి కోడికూర, యాటకూర లేకుండా దావత్ ఏమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన పాత పద్ధతి గమనించండి. సద్ది కట్టుకుపోయేవాళ్లు మాంసం కట్టుకుపోలేదు. కోడిని తీసుకుపోయి అక్కడే కోసి, మూడు రాళ్లు పెట్టి వండుకున్నారు. జాతరల్లో ఇప్పటికీ అంతే. మాంసానికి పొడితనమూ లేదు, చాలినంత పులుపూ లేదు. పొయ్యి మీద నుంచి నేరుగా విస్తరిలోకి రావడమే దానికి కావలి. అయితే పాకాల, ఏటూరునాగారం వైపు అభయారణ్యాలున్నాయి. మే నెలలో ఎండుటాకు నిప్పురవ్వకే అంటుకుంటుంది. అడవిలో పొయ్యి పెట్టొద్దు. అనుమతి ఉన్న చోటే వండుకోవాలి. చోటు దొరక్కపోతే మాంసం రాత్రికి ఇంట్లో.

ఇంటి దగ్గర సాయంత్రం పార్టీ అయితే ఫ్రిజ్ తోడుంటుంది, కాబట్టి ఎంపిక పెరుగుతుంది. ముందురోజు చేస్తేనే బాగుండేవి ఉన్నాయి. పెరుగులో నానిన గారెలు, ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా అలాంటివి. పచ్చిపులుసుకు పొయ్యే అక్కర్లేదు. చింతపండు రసం పొద్దున తీసి చల్లగా పెట్టుకొని, ఉల్లిపాయలు వడ్డించే ముందు పిసికి కలిపితే చాలు. వడ్డనలో ఒక్క మార్పు చేయండి. పెద్ద బేసిన్ నిండా పెట్టి నాలుగు గంటలు బల్ల మీద ఉంచకండి. చిన్న గిన్నెలో పెట్టి, అయిపోయాక ఫ్రిజ్ నుంచి ఇంకో గిన్నె తీయండి. శాండ్‌విచ్‌లలో మయోనైజ్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా (కడుపులో జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) ఉండే అవకాశం ఉంది. ఎండాకాలం బల్ల మీద అది పెరగడానికి రెండు గంటలు చాలు.

పుచ్చకాయ కోసి డబ్బాల్లో పెట్టుకుపోవద్దు. కాయగా తీసుకుపోయి, పైతొక్క కడిగి, అక్కడ కోయండి. కత్తి తొక్క మీది మట్టిని లోపలికి తీసుకుపోతుంది.

సాయంత్రం ఇంటికి వచ్చాక డబ్బాలు చూసుకుంటారు. పులుపు గట్టిగా పట్టిన పులిహోర మిగిలితే రాత్రి భోజనంలో తినేయొచ్చు. సకినాలు డబ్బాలోకి పోతాయి. పెరుగన్నం మిగిలితే మాత్రం రేపటికి దాచకండి, పారబోయండి. వాసన బాగానే ఉంది కదా అనుకోవద్దు. అన్నంలో విషం చేరినా వాసన మారకపోవచ్చు.